అయిదో రోజు సినిమా

పోయిన నెల బాత్రూములో జారిపడి మడమ దగ్గర ఎముక చిట్లితే, డాక్టరు పిండికట్టు వేసి మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు. మా తమ్ముడి కూతురు వచ్చి నా మంచానికి ఎదురుగా టీవీ పెట్టించి, పాతవీ కొత్తవీ సినిమాలన్నీ ఒకేచోట దొరికే ఏర్పాటేదో చేసి, రిమోటు చేతికిచ్చి పోయింది. మొదటి వారం రోజుకొకటి చొప్పున ఏడు సినిమాలు చూశాను. నలుపు తెలుపు పౌరాణికంతో మొదలుపెట్టి, మర్నాడు కత్తియుద్ధాల జానపదం, ఆ తర్వాత కుటుంబ కథ, ఫైటింగుల సినిమా, అలా మొన్నమొన్న విడుదలైన దయ్యాల సినిమా దాకా వచ్చాను. ఆ పిల్ల ఫోన్ చేసి, నీకింత సినిమా పిచ్చి ఉందని ఎప్పుడూ చెప్పలేదే అత్తా అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. పిచ్చి నాది కాదు, మా రవణమ్మత్తది. నేను ఒక్క సినిమా కోసం వెతుకుతున్నాను. దాని పేరు తెలియదు, కథ తెలియదు, అందులో ఎవరెవరు నటించారో తెలియదు. చూడాల్సిన రోజున ఆ హాల్లో కూర్చునే ఉన్నాను కానీ చూడలేదు. ఈ ఏడు రోజుల్లో అది దొరకలేదు. ఎదురుగా వచ్చినా గుర్తుపడతానన్న నమ్మకమూ లేదు. ఎవరికీ చెప్పని సంగతి ఇది. కాలు కదలక పడి ఉన్నప్పుడైనా చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేను.

రవణమ్మత్త మా నాయనకు అక్క. పెళ్ళయిన మూడో ఏట మామ సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటి నుంచీ నెల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున మైపాడులో మా ఇంట్లోనే ఉండేది. తెల్లారకముందే పడవలు ఒడ్డుకు తగిలితే, నాయన తెచ్చిన చేపల్లోంచి తనకు కావలసినవి ఏరుకుని గంపకెత్తుకుని మొదటి బస్సుకు నెల్లూరు పోయేది. వీధివీధీ తిరిగి అమ్ముకుని మధ్యాహ్నానికి వచ్చేది. మా ఇల్లు ఎప్పుడూ తడి వలల వాసన, ఇసకలో ఎండబోసిన నెత్తళ్ళ చేపల వాసన, మట్టిచట్టిలో నిన్నటి చేపలపులుసు వాసన. ఆ మూడింటి మధ్యలో అత్త నోటి పుగాకు వాసన వేరుగా తెలిసేది. ఆమె ఇంట్లో ఉందో లేదో వాకిట్లోంచే చెప్పగలిగేవాళ్ళం. దవడన పుగాకు ముక్క లేకుండా ఆమెను నేను చూడలేదు, నిద్రపోయేటప్పుడు తప్ప. ఇంకొక అలవాటు సంగతి మా నాయనకు తెలియదు. గంపలో చేపలకు ఎప్పుడూ తగలకుండా ఒక గుడ్డసంచి ఉండేది. అందులో ఉతికిన చీర, రవిక, రెండు నిమ్మతొక్కలు. చేపలు అమ్ముడుపోయాక వాడికగా చేపలు కొనే ఇంటివాళ్ళ దొడ్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా నిమ్మతొక్కతో రుద్దుకుని, చీర మార్చుకుని, సినిమాకు పోయేది.

నెలకు ఒకటో రెండో. చూసి వచ్చిన రోజు సాయంత్రం, మగవాళ్ళు పడవలు తోసుకుని వెళ్ళిపోయాక, చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా వాకిట్లో చేరి చినిగిన వలలు ముందేసుకుని అల్లుకుంటూ ఉంటే, అత్త ఆ కథ చెప్పేది. ఆ ఆడవాళ్ళలో చాలామంది సినిమాహాలు గడప తొక్కినవాళ్ళు కారు. వాళ్ళకు సినిమా అంటే అత్త నోరే. రాజు మాట రాజు గొంతుతో, సేవకుడి మాట సేవకుడి గొంతుతో చెప్పేది. పాట వచ్చినచోట ఒక్క చరణం పాడి, మిగతా అంతా చెట్లమ్మడి తిరగడమేలే అని దాటేసేది. హాస్యం దగ్గర మాత్రం సినిమాలో అయిదు నిమిషాలుండేదాన్ని అరగంట చేసేది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి గరిటె పట్టుకునే వచ్చి నిలబడి విని, అన్నం మాడితే అత్తనే తిట్టేది. నాయనకు మాత్రం ఈ కథల సంగతి పట్టేది కాదు. ఏదో పాతకాలం కథలు చెప్పుకుంటున్నారనుకునేవాడు.

నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవిలో అత్త నోట్లో పుండు లేచింది. ముందు కారం తగిలితే మంట అన్నది. తర్వాత పులుసు మానేసి మజ్జిగన్నమే తినింది. ఎవరెంత చెప్పినా ఆస్పత్రికి పోలేదు. చివరికి చేపలు కొనే ఒక ఇంటావిడ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించింది. అక్కడివాళ్ళు మద్రాసుకు రాసిచ్చారు. వచ్చే సోమవారం బయల్దేరాలని, కోసేస్తే నయమైపోతుందని అత్త మా నాయనతో చెప్పింది. ఆ మాట అంటూ పక్కకు తిరిగి మంచినీళ్ళ కుండ మీద మూత సర్దింది. నాయన ఆ రోజే గంగమ్మకు మొక్కుకున్నాడు. అక్క నయమై వచ్చేదాకా ఒంటిపూట తింటానన్నాడు. అమ్మ కూడా అదే పట్టింది. ఈ వారం ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకోమంటే అత్త ఒప్పుకోలేదు. ఊరికే కూర్చుంటే దిగులు పుడుతుంది, చిన్న గంప ఒకటి తీసుకుని పోయొస్తానన్నది. నాయన కాసేపు గొణిగి, గంప మొయ్యడానికి నన్ను వెంట పంపాడు.

మద్రాసు ప్రయాణానికి సరిగ్గా వారం ముందు, సోమవారం పొద్దున పది గంటలకల్లా గంప ఖాళీ అయిపోయింది. అంత తొందరగా ఎలా అయిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, బేరం ఆడకుండా అడిగిన ధరకు ఇచ్చేస్తోందని. చీర మార్చుకుని, నా మొహం కూడా కడిగించి, సినిమాహాలు దగ్గర సైకిలు స్టాండు ముసలాయన దగ్గర గంప పెట్టి, నేల టికెట్లు రెండు తీసుకుంది. లోపలికి పోయే ముందు నా రెక్క పట్టుకుని ఆపింది. "మీ నాయనకు చెప్పబాక మే. ఈ వారమొక్కటే. ఆనక నేను చెప్పేదేం ఉండదు, నువ్వు దాచేదేం ఉండదు" అన్నది. నాకు సినిమా చూపిస్తుంటే ఇంకేం కావాలి, తలూపాను.

ఆ రోజుది పాత పౌరాణికం. ప్రింటు అరిగిపోయి తెర మీద సన్నగా వాన కురుస్తున్నట్టు గీతలు. దేవుడు ప్రత్యక్షమైనప్పుడల్లా మా ముందు కూర్చున్న ముసలమ్మలు చేతులెత్తి దండం పెట్టారు. అత్త పెట్టలేదు. ఆమె పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. సాయంత్రానికి కావలసిన మాటలు మూట కట్టుకుంటోందని వాకిట్లో ఆమె నోరు తెరిచినప్పుడు తెలిసింది. మంగళవారం ఇంకో హాల్లో జానపదం. గుర్రాలు, గుహలు, గాలిలోకి లేచే మంచం. బుధవారం ఏడుపు సినిమా. అందులో హీరోయిన్ వాళ్ళన్న ఏట్లో మునిగి చనిపోతాడు. సాయంత్రం అత్త ఆ కథ చెబుతూ, అన్నకు విషజ్వరం వచ్చి పోయినాడన్నది. నేను మధ్యలో అందుకోబోతే కళ్ళతోనే ఆపింది. అందరూ వెళ్ళాక, ఎందుకట్టా మార్చావని అడిగాను. "ఇక్కడ కూసున్నోళ్ళందరి మొగోళ్ళూ నీళ్ళ మీద ఉండారు మే. నేనెట్ట చెప్పేది?" అన్నది. అప్పుడు వెనక్కి తిరిగి తలుచుకుంటే, ఆమె చెప్పిన అన్ని కథల్లోనూ ఒక్కరంటే ఒక్కరు మునిగి చావలేదు. పాముకాటు ఉంది, కత్తిపోటు ఉంది, శాపాలున్నాయి. నీళ్ళు లేవు.

ఆ మూడు సాయంత్రాలూ వాకిలి నిండిపోయింది. రోజూ ఒక కథ అనేసరికి దూరపు వీధుల్లోంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. అత్తకు మాట్లాడుతుంటే నొప్పిగా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. మధ్యలో ఆగి చెంప అదుముకునేది. విన్నవాళ్ళు అది కథలో భాగమనుకునేవాళ్ళు. పుగాకు మానేసింది. ఆ వాసన లేని అత్త నాకు కొత్తగా, కొంచెం పరాయి మనిషిలా ఉండేది. గురువారం కొత్త రంగుల సినిమాకు పోయాం, జనం విరగబడి ఉన్నారు. ఇంటర్వెల్లో అత్త బయటికొచ్చి గోడ పక్కన ఉమ్మింది. ఎర్రగా పడింది. మొదట పుగాకు అనుకున్నాను, మానేసిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. ఇంటికి పోదాం అత్తా అంటే, సోడాతో నోరు పుక్కిలించి, సగం చూసి పోతే సాయంత్రం ఏం చెప్పను అని నన్ను లోపలికి తోసింది.

శుక్రవారం అత్త చీర మార్చుకునే ఇంటికి తాళం వేసి ఉంది. వీధి కుళాయిలో నీళ్ళు రాలేదు. ఆటకు టైమవుతోందని అత్త చేపల చీరతోనే హాలుకు నడిచింది. ఆ రోజు నేల టికెట్లు అయిపోయి బెంచీ టికెట్లు తీసుకుంది. మేం కూర్చోగానే మా ముందు వరసలో ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కనున్న పిల్ల వెనక్కి తిరిగింది. నేను చదివే నెల్లూరు బళ్ళో నా తరగతి పిల్లే. నన్ను చూసింది, అత్తను చూసింది, ఒళ్ళోని గుడ్డసంచిని చూసింది. పలకరించకుండా ముందుకు తిరిగిపోయింది. వాళ్ళమ్మ లేచి, పిల్లను లేపి, నాలుగు వరసలు అవతల కూర్చోబెట్టింది. దీపాలు ఆరాయి. నేను మోకాళ్ళ మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చోకుండా ఉండే రోజొకటి రాబోతోందని, దానికి కారణం ఈమేనని, ఆ మూడు గంటలూ అదే తలుచుకుంటూ కూర్చున్నాను. తెర మీద ఎవరో నవ్వుతున్నారు, ఎవరో తలుపు కొడుతున్నారు, వయొలిన్లు మోగుతున్నాయి. నేను కళ్ళు తెరవలేదు. అత్త నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, తలనొప్పా అని అడిగింది. ఆ చేతి వాసన నాకు ఆ రోజు భరించలేనిదిగా అనిపించింది. చెయ్యి తోసేశాను. ఆమె తెర వైపు తిరిగిపోయింది, మళ్ళీ నన్ను చూడలేదు.

మేం మైపాడు చేరేసరికి నాయన పడవ దగ్గర వల సర్దుకుంటున్నాడు. అత్త ఇంట్లోకి పోయింది. నేను ఇసకలో నేరుగా నాయన దగ్గరికి నడిచాను. అత్త రోజూ సినిమాకు పోతోందని, నన్నూ తీసుకుపోతోందని, నిన్న నోట్లోంచి రక్తం పడినా ఆగలేదని చెప్పాను. రక్తం చూసి భయపడ్డాను కాబట్టి చెప్పానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే చెప్పుకున్నాను. భయం నిజమే. కానీ గురువారం చెప్పలేదు కదా, శుక్రవారం చెప్పాను.

నాయన వల అక్కడే పడేసి ఇంటికొచ్చాడు. ఆ రోజు వేటకు పోలేదు. అప్పటికే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వాకిట్లో చేరుతున్నారు, వాళ్ళ ముందే అడిగాడు. "మేమిక్కడ మొక్కుకోని ఒంటిపూట తింటా ఉంటే, నువ్వు బోయి సినిమాహాల్లో కూసోని ఉండావా అక్కా?" మా నాయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ మాట కూడా మెల్లగానే అడిగాడు. అందుకే అందరికీ వినపడింది. అత్త ఒకసారి నా వైపు చూసింది. కోపంగా కాదు. లెక్కలో తప్పెక్కడ జరిగిందో తెలిసినప్పుడు మనిషి చూసినట్టు చూసింది. తర్వాత తమ్ముడితో అన్నది. "పుండొకటే కాదురా కోసేది. నాలిక తీసేస్తారంట. మాట ఉండేది ఇంక మూడు దినాలు. అందుకని బోయినా."

ముందు అమ్మ ఏడ్చింది, అమ్మను చూసి మిగతావాళ్ళు ఏడ్చారు. నాయన గడప మీద కూర్చుని తల పట్టుకున్నాడు. మర్నాడు సినిమాకు ఆయన వద్దని ఉంటే అత్త వాదించి పోయేది. ఆయన వద్దనలేదు. పొమ్మని తనే బస్సెక్కించేవాడేమో కూడా. కానీ శనివారం పొద్దుటికే సంగతి ఊరంతా తెలిసి జనం రావడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చి, అత్త చెంపలు నిమిరి, కావలించుకుని, శోకాలు తీశారు. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే ఇల్లు చావిల్లయింది. ఒకరు పోతే ఇంకొకరు. మాట మిగిలి ఉన్న ఆ రెండు రోజులూ అత్త వచ్చినవాళ్ళను ఓదార్చడానికే ఖర్చు పెట్టింది. నిన్నటి కథ చెప్పమని ఒక్కరూ అడగలేదు. అడగడం తప్పనుకున్నారో, వింటే తట్టుకోలేమనుకున్నారో. నేను పెరట్లో కోళ్ళగూడు వెనకే ఉండిపోయాను. సోమవారం ఆమె బస్సెక్కేటప్పుడు కూడా దగ్గరికి పోలేదు. కిటికీలోంచి నన్ను వెతికి, "బాగా చదువుకో మే" అన్నది. ఆమె నోట నేను విన్న చివరి మాట అదే.

నలభై రోజులకు తిరిగొచ్చింది. సగం మనిషయింది. మొహం కిందిభాగం చుట్టూ తువ్వాలు కట్టుకుని ఉండేది. గంజి, పాలు, పలచటి రాగిజావ. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చేది కానీ అది తనకే నచ్చక దాన్ని కూడా మానేసింది. నాయన మొక్కు తీర్చాడు, రెండు పూటలా తినడం మొదలుపెట్టాడు, మాట్లాడటం మాత్రం బాగా తగ్గించాడు. సాయంత్రాలు ఆడవాళ్ళు మళ్ళీ వలలు పట్టుకుని వచ్చారు, ఆమెకు తోడుగా ఉందామని. కూర్చుని ధరల గురించి, గాలి గురించి రెండు మాటలు అనుకుని, ఆమె వినడం ఒక్కటే చేయగలదని గుర్తొచ్చి ఆగిపోయేవాళ్ళు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి అత్త వల పక్కన పెట్టి రెండుసార్లు చప్పట్లు కొట్టింది. అందరూ తల ఎత్తారు. అయిదు వేళ్ళు చూపించింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు, నాకు అయింది. అయిదో రోజు. ఆ కథ ఆమె దగ్గరే ఉండిపోయింది. లేచి నిలబడి మొదలుపెట్టింది. నడుము వంచి నడిచింది, అంటే ముసలివాడు. గాలిలో తలుపు కొట్టింది. ఎవరో తెరిచారు. దీపం ఎత్తి మొహం చూసింది, దీపం దించేసింది. ఏదో మడిచి కొంగున ముడివేసుకుంది. రెండు చెవులూ మూసుకుంది. చేతులు ఆడుతున్నాయి, కళ్ళు ఆడుతున్నాయి. ఇంతకు ముందు గొంతుతో చేసినవన్నీ ఇప్పుడు భుజాలతో, కనుబొమలతో చేస్తోంది. ఆడవాళ్ళు వలలు వదిలేసి చూస్తున్నారు కానీ ఎవరికీ తలా తోకా తెలియడం లేదు. అప్పుడు ఆమె నా వైపు తిరిగి చెయ్యి చాపింది. చెప్పు అని. ఆ సినిమా ఆమెతో చూసింది ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే. మాటలు నా దగ్గర ఉన్నాయని ఆమె నమ్మకం.

నేను లేచి నిలబడ్డాను. అందరూ నన్నే చూశారు. ఆ ముసలివాడెవరు, ఎవరి తలుపు కొట్టాడు, తెరిచినవాళ్ళు మొహం చూసి దీపం ఎందుకు దించారు, నాకేమీ తెలియదు. ఏదో ఒకటి కల్పించి చెప్పి ఉండవచ్చు. అత్త కూడా మార్చి చెప్పేది కదా. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ తెలివి రాలేదు. "నేను చూళ్ళేదత్తా. కళ్ళు మూసుకున్నా" అన్నాను. ఆమె చాపిన చెయ్యి దించుకుని, కూర్చుని, వల దగ్గరికి లాక్కుని, ఆపిన చోట దారం వెతుక్కుని అల్లడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు కూడా తల దించుకుని ఎవరి వల వాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత అత్త ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు. నేను పదో తరగతికి నెల్లూరులో హాస్టల్లో చేరాను. కార్తీకమాసంలో ఒకరోజు మధ్యాహ్నం పిలుపొచ్చింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

తర్వాత చదువుకున్నాను, బళ్ళో తెలుగు చెప్పాను, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు కథలు చెప్పాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా సిగ్గుపడ్డాను. కాలు విరగక ముందు ఒకసారి మైపాడు పోయాను. మా వీధిలో ఆడవాళ్ళు ఇప్పటికీ సాయంత్రాలు వాకిళ్ళలో కూర్చుంటున్నారు. వలలు అల్లేవాళ్ళు తగ్గారు. ఎవరి చేతిలో వాళ్ళకు ఫోనుంది, ఎవరి సినిమా వాళ్ళు చూసుకుంటున్నారు. మా తమ్ముడి కోడలు చెవుల్లోంచి తీగలు తీసి, ఏమన్నా అడిగినావా పెద్దమ్మా అంది. ఏం చూస్తున్నావని అడిగితే పేరు చెప్పి మళ్ళీ పెట్టుకుంది. వాళ్ళను తప్పుపట్టను. ముక్కు మూసుకునేవాళ్ళు లేని చోట, లేచి అవతలికి పొమ్మనేవాళ్ళు లేని చోట సినిమా చూడటం మంచిదే. రవణమ్మత్తకు అది దొరికి ఉంటే నిమ్మతొక్కల అవసరం ఉండేది కాదు. కానీ అప్పుడు ఆమె ఎవరికి చెప్పేది, ఎవరు వినేవాళ్ళు అనే దగ్గర నా ఆలోచన ఆగిపోతుంది.

ఈ ఏడు రోజులూ ప్రతి సినిమాలోనూ ఒక ముసలివాడు తలుపు కొడతాడేమోనని చూశాను. రెండింటిలో కొట్టారు కూడా. కానీ దీపం ఎవరూ దించలేదు. నాయన నన్ను అత్త గంప మొయ్యమన్నాడు, మోశాను. అత్త నాయనకు చెప్పొద్దన్నది, చెప్పాను. దానికి ఆమె నన్ను ఏమీ అనలేదు. నోరు తెరిచి అనకపోయినా, నన్ను నిజంగా కావాలని అడిగింది ఒక్కటే, పక్కన కూర్చుని చూడమని. ఆ మూడు గంటలు కళ్ళు తెరిచి ఉంటే సరిపోయేది.